జింప్ 3.0 బాగుంది, పేరు మాత్రం మార్చాలి

నమస్తే అండీ. ఇవాళ రివ్యూ చేస్తున్నది జింప్. ఫొటోలు ఎడిట్ చేయడానికి నేను ఏళ్ల తరబడి వాడుతున్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. 2018లో 2.10 వచ్చింది, దాని తర్వాతి పెద్ద వెర్షన్ 3.0 కోసం 2025 మార్చి దాకా ఆగాం. ఇందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఫిల్టర్ వేశాక కూడా వెనక్కి వెళ్లి దాని సెట్టింగులు మార్చుకోవచ్చు, అసలు బొమ్మ చెడదు. ఇదివరకు బ్లర్ కాస్త ఎక్కువైతే అన్‌డూ కొట్టి మళ్లీ వేసుకోవాల్సి వచ్చేది. దీనికోసమైనా అప్‌డేట్ చేసుకోండి.

పనితనం సంగతి అంతే. నేను అసలు మాట్లాడాలనుకున్నది దాని పేరు గురించి.

గ్నూ ఇమేజ్ మానిప్యులేషన్ ప్రోగ్రామ్ అనే మాటల మొదటి అక్షరాలు కలిపితే జింప్ (గ్నూ అంటే ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు). 1995లో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు దీన్ని మొదలుపెట్టారు. మన చెవికి ఆ పేరులో తప్పేమీ తగలదు. ఇంగ్లీషులో మాత్రం అది కాలు ఈడ్చి నడిచేవాళ్లను వెక్కిరించే మాట. ఇదే సాఫ్ట్‌వేర్ పేరు 'కుంటోడు' అనుకోండి. క్లాసులో కాలు సరిగా లేని పిల్లవాడు కూర్చుని ఉండగా, టీచరు "అందరూ కుంటోడిని ఓపెన్ చేయండి" అంటే ఆ పిల్లవాడు తల ఎత్తగలడా? మిగతావాళ్లు నవ్వకుండా ఉంటారా?

"ఎవరినీ ఉద్దేశించి పెట్టింది కాదు కదా" అంటారు. నిజమే కావచ్చు. కానీ వినేవాళ్లకు ఆ పొడి అక్షరాల వెనక ఏముందో వినిపించదు, మాటే వినిపిస్తుంది.

2019లో ఈ పేరు వద్దనుకున్న కొందరు జింప్ కోడ్ తీసుకుని గ్లింప్స్ అనే పేరుతో ఫోర్క్ చేశారు, అంటే దాన్నే విడిగా మరో సాఫ్ట్‌వేర్‌గా నడిపారు. 2021లో దాన్ని ఆపేశారు. పేరు మార్చడం అనవసరం అనడానికి చాలామంది దీన్నే చూపిస్తారు. నాకు అలా అనిపించదు. అంత పెద్ద ప్రోగ్రామ్‌ను విడిగా మోయాలంటే ఎంతమంది కావాలి! పేరు కోసం కొత్త ఇల్లు కట్టుకోవాల్సి వచ్చింది వాళ్లకు. అసలు ఇంటివాళ్లే బోర్డు మార్చి ఉంటే ఆ శ్రమ ఉండేదే కాదు.

ఇంటివాళ్లే మార్చిన చోట ఏం జరిగిందో చూడండి. గణిత నిరూపణలను కంప్యూటర్‌తో సరిచూసే కాక్ అనే సాఫ్ట్‌వేర్ ఫ్రాన్స్‌లో పుట్టింది. ఫ్రెంచిలో ఆ మాటకు కోడిపుంజు అని అర్థం. ఇంగ్లీషులో పలికితే మగవాళ్ల అంగాన్ని అనే బూతు. దానిమీద పని చేస్తున్నామని చెప్పుకున్న ఆడవాళ్లు వేధింపులు పడ్డారు, కొందరు దాని జోలికే రాలేదు. చివరికి తయారుచేసేవాళ్లే రాక్ అని మార్చారు. అది మొదట్లో రూపుదిద్దుకున్న రోకాంకూర్ అనే ఊరి పేరులోంచి తీసుకున్నది. 2025లో 9.0 వెర్షన్ ఆ పేరుతోనే వచ్చింది. ఫైళ్ల ఎక్స్‌టెన్షన్ మార్చలేదు, పాత కమాండ్లు పనిచేసే ఏర్పాటు కూడా ఉంచారు. నెట్‌వర్క్ మీద కన్నేసి ఉంచే బ్రో అనే సాఫ్ట్‌వేర్ పేరు కూడా 2018లో జీక్ అని మారింది, అది, ఇప్పటికీ హాయిగా నడుస్తోంది.

అలాగని ప్రతి పేరూ మార్చమని నేను అనను. కోడ్‌లో చేసిన మార్పులను దాచిపెట్టే గిట్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. గిట్ అంటే బ్రిటన్ వాడుకలో పనికిమాలినవాడు అని. అది ఎవరి శరీరాన్నీ, ఎవరి పుట్టుకనూ ఎత్తిచూపదు. దాన్ని అలాగే వదిలేయొచ్చు.

పేరు మారిస్తే పాత పాఠాలు, వీడియోలు, స్క్రిప్టులు అన్నీ గందరగోళం అవుతాయన్న టెన్షన్ నాకు అర్థమవుతుంది. నా పాత వీడియోలకే బోలెడు చోట్ల జింప్ అని ఉంది. వాటి టైటిళ్లన్నీ కూర్చుని మార్చుకోవడానికి నేను సిద్ధం. తయారుచేసేవాళ్లను నేను కోరేది ఒకటే: వచ్చే పెద్ద వెర్షన్‌కు కొత్త పేరు పెట్టండి, పాత కమాండ్‌ను కొన్నేళ్లు పనిచేయనివ్వండి.