వదిలే నీళ్లు, తోడే నీళ్లు

శ్రోతలందరికీ నమస్కారం.

ప్రకృతికి మేలు చేసే వ్యాపారం అనే మాట ఈమధ్య కంపెనీల నివేదికల్లో, పట్టణ ప్రణాళికల్లో తరచూ వినపడుతోంది. నష్టం తగ్గించడంతో సరిపెట్టుకోకూడదు, నేలనూ నీటినీ దొరికినప్పటికంటే బాగుచేసి వదలాలి అంటున్నారు. వినడానికి బాగానే ఉంది. నెల్లూరు, ప్రకాశం తీరంలో ఆ పని ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే, రొయ్యల చెరువు తూము దగ్గర అంటాను. ఈ పది నిమిషాలూ చాలావరకు అక్కడే ఉందాం.

కండలేరు కృష్ణపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ చివరి భాగంలో అది ఏరు కాదు, ఉప్పుటేరు. పోటుకు సముద్రం లోపలికి ఎక్కుతుంది, పాటుకు వెనక్కి దిగుతుంది. 1990ల మొదట్లో ఆ గట్ల వెంట టైగర్ రొయ్య చెరువులు వరసగా లేచాయి. అందరి మోటార్లూ ఆ ఉప్పుటేట్లోనే. అందరి తూములూ ఆ ఉప్పుటేట్లోకే. 1994, 95 ప్రాంతంలో తెల్లమచ్చ తెగులు వచ్చింది, రొయ్యలను చంపే వైరస్ జబ్బు అది. ఒక చెరువులో రొయ్య చస్తే ఆ రైతు తూమెత్తి నీళ్లు వదిలేస్తాడు. దిగువ రైతు మోటారు ఆ నీళ్లనే తోడుతుంది. దిగువ రైతుదే కాదు, ఆరు గంటల తర్వాత పోటు తిరిగితే ఎగువ రైతు మోటారు కూడా ఆ నీళ్లనే తోడుతుంది. వదిలిన మనిషికే తిరిగొస్తుంది. తీరం పొడవునా జరిగింది ఇదే. 1996 డిసెంబరులో రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు, 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం, 2009లో వనామి అనే విదేశీ రకం రొయ్యకు అనుమతి, ఇవన్నీ ఆ తర్వాతి సంగతులు. వనామి పెంచేవారు, చెరువు చిన్నదైనా సరే, నీళ్లు శుద్ధి చేసి వదలాలన్న షరతు అప్పుడే పెట్టారు. షరతు కాగితం మీద ఉంది. వదిలే ముందు నీళ్లు నిలిపి మడ్డి దించే గుంట ఎంతమంది తవ్వారు? గట్టు మీద నడిచి చూసేవారికి తెలుసు.

ఇంతకీ ఆ నీళ్లలో ఏముంటుంది? ఎక్కువగా మేతే. మేతలో ఉన్న నత్రజనిలో సుమారు మూడోవంతే రొయ్య ఒంటికి పడుతుంది. మిగతాది నీళ్లలో, అడుగు బురదలో ఉండిపోతుంది. కాబట్టి అన్నిటికంటే చవకైన శుద్ధి చెక్ ట్రే, అంటే రొయ్య మేత తిందో లేదో చూడ్డానికి చెరువులో దించే పళ్లెం. ట్రేలో మేత మిగిలి కనపడుతున్నా మేత చార్టులో రాసుంది కదా అని అంతా చల్లేస్తే, ఆ డబ్బు బురదలో పోసినట్టే. ఆ బురదను శుభ్రం చేయడానికి మళ్లీ డబ్బు పెట్టాలి.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. కాగితం పెన్సిలు ఉంటే తీసుకోండి.

ఎకరం చెరువు, 1.2 మీటర్ల లోతు నీళ్లు. సుమారు 4,850 ఘనపు మీటర్లు, అంటే 48 లక్షల లీటర్ల పైమాట. పట్టుబడి రోజు ఈ నీళ్లన్నీ ఒకేలా ఉండవు. కుండ ఒంచితే పై నీళ్లు తేటగా వచ్చి అడుగున మడ్డి దిగినట్టు, చెరువులోనూ చివర దిగే 15 శాతం నీళ్లలోనే ఎక్కువ మురికి ఉంటుంది. వల లాగేటప్పుడు జనం కాళ్ల కింద బురద లేచేదీ అప్పుడే. ఆ 15 శాతం ఎంత? సుమారు 730 ఘనపు మీటర్లు. ఆ నీళ్లు నిలవడానికి మీటరున్నర లోతు గుంట అయితే 490 చదరపు మీటర్లు కావాలి. మన లెక్కలో 12 సెంట్లు.

ఎకరానికి 12 సెంట్లా అని ఉలిక్కిపడకండి. ఒక్కొక్కటి ఎకరం చొప్పున ఐదు చెరువులుంటే 60 సెంట్లు అక్కర్లేదు. ఐదు చెరువులూ ఒకే రోజు పట్టకపోతే చాలు. రెండు మూడు రోజుల ఎడంతో పడితే అదే గుంట అన్నిటికీ పనికొస్తుంది. అయితే మొత్తం విస్తీర్ణంలో పదోవంతు ఉంచుకోవడం మంచిది. ధర పడిపోతోందని ఫోను రాగానే అన్నీ ఒకేసారి పట్టే రోజు ఎలాగూ వస్తుంది. తేటగా ఉన్న పై నీళ్లను, తెగులు లేకపోతే, రిజర్వాయరులోకి ఎత్తుకుని వచ్చే పంటకు వాడుకోవచ్చు. డీజిలు మిగులుతుంది.

గుంట తవ్వినా పని చేయని చోట్లు చాలా ఉన్నాయి. కారణాలు ఎక్కడైనా దాదాపు ఇవే. నీళ్లు వచ్చే గొట్టం, పోయే గొట్టం పక్కపక్కనే పెడతారు. వచ్చినవి వచ్చినట్టే పోతాయి, గుంటలో మిగతా భాగం ఉత్తినే ఉంటుంది. రెండూ ఎదురు కొసల్లో ఉండాలి. గుంట వెడల్పుకు మూడు నాలుగింతలు పొడవుండాలి. చోటు చతురస్రంగానే ఉంటే మధ్యలో వెదురు పాతి టార్పాలిన్ అడ్డం కట్టండి, నీళ్లు చుట్టూ తిరిగి పోతాయి. రెండోది, బయటికి పోయే గొట్టం అడుగున పెట్టడం. మడ్డి దిగేదే అడుగుకు, దాన్నే మళ్లీ బయటికి పంపితే గుంట ఎందుకు? లోపలి కొసకు పీవీసీ ఎల్బో వేసి, దానికి నిలువు గొట్టం బిగించి, పైకీ కిందికీ వంచుకునేలా పెట్టుకుంటే పై నీళ్లే పోతాయి. మూడోది, పూడిక. ఏడాదికోసారి తీయకపోతే మీటరున్నర గుంట మోకాలి లోతవుతుంది. తీసిన బురదను ఉప్పుటేటి గట్టున పోస్తే నవంబరు వాయుగుండానికి మళ్లీ ఏట్లోకే. వరి పొలంలో పోస్తే ఉప్పు. చుట్టూ కట్ట వేసిన గొయ్యిలోనే ఉండాలి. నీళ్లు వదిలేటప్పుడు కరగని మడ్డి లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన. పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది, కంటి అంచనా నమ్మకండి.

తెగులు తగిలిన చెరువు సంగతి వేరు. దాని తూము ఎత్తనే కూడదు. ఉన్నచోటే బ్లీచింగ్ వేయాలి. ఒక పీపీఎం అంటే వెయ్యి ఘనపు మీటర్లకు కిలో, ఈ లెక్క గుర్తుంచుకోండి. ఎన్ని పీపీఎం అన్నది మత్స్యశాఖవారు చెప్పినట్టు. నోరు విప్పి నెలలు దాటిన బస్తాలో బలం ఉండదు. బురద లేపి వేస్తే క్లోరిన్ అంతా బురదకే ఖర్చవుతుంది, వైరస్ మిగులుతుంది. క్లోరిన్ పూర్తిగా పోయాకే బయటికి. లేకపోతే ఉప్పుటేట్లో చేపపిల్ల చస్తుంది.

గుంట దాటిన నీళ్లు ఓ కాలవలో నెమ్మదిగా నడిస్తే ఇంకా మంచిది. గుంటలో పాలబొంత చేప వేసుకోవచ్చు. కాలవ గట్టున తెల్ల మడ పెంచుకోవచ్చు. తెల్ల మడ చూడండి, ఆకు మీద ఉప్పు సన్నగా పేరుకుని ఉంటుంది, నాలుకకు తగిలిస్తే తెలుస్తుంది. చెట్టు చుట్టూ బురదలోంచి వేళ్లలా పైకి పొడుచుకొచ్చేవి ఊపిరి తీసుకునే వేర్లు. మడ్డిని నిలబెట్టేవి అవే. గింజలు రాత్రంతా నీళ్లలో నానబెడితే పై తొక్క ఊడుతుంది, మర్నాడు రెండు మీటర్ల ఎడంతో నాటుకోవచ్చు. పోటు నీరు వచ్చి మళ్లీ పోయే చోటే నాటాలి. నీళ్లు నిలిచిపోయే పల్లంలో ఎండాకాలం ఉప్పు చిక్కబడి మొక్క మాడుతుంది. చెరువు కట్ట మీద మాత్రం వద్దు. వేర్లు కట్టను గుల్ల చేస్తాయి, కొమ్మలెక్కిన కొంగలు చచ్చిన రొయ్యను ఒక చెరువులోంచి తీసి ఇంకో చెరువులో వేస్తాయి. మడ మొక్కలు నాటామని ఫొటోలు వేసుకునే కంపెనీలు ముందు ఆ పోటు సంగతి చూసుకుంటే బాగుండును.

ఇదంతా పుణ్యం కోసమే కాదు. విదేశీ కొనుగోలుదార్లు సర్టిఫికెట్ అడుగుతున్నారు. అలాంటి సర్టిఫికెట్లలో ఒకటైన ఏఎస్‌సీ (ఆక్వాకల్చర్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్) ప్రమాణంలో, 1999 మే తర్వాత మడ అడవి కొట్టి తవ్విన చెరువు అసలు నిలవదు. వదిలే నీళ్లకు లెక్కలు కూడా చూపాలి.

మొదట్లో పట్టణ ప్రణాళికలన్నాను కదా, ఊళ్ల విషయం ఒక్క మాట. 2015 నవంబరు వానలు నెల్లూరు మరిచిపోలేదు. ఎకరం నేల మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 4 లక్షల లీటర్లు. లేఅవుట్‌లో పార్కుకని పదోవంతు స్థలం వదులుతారు కదా, దాన్ని మట్టి తోలి రోడ్డు కంటే ఎత్తు చేస్తారు! అడుగు లోతుగా ఉంచితే ఆ నీళ్లలో సుమారు 30 శాతం అక్కడే ఆగి ఇంకుతుంది. ఖర్చు పెరగదు, మట్టి తోలే ఖర్చు మిగులుతుంది. ఊరి చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే కలుజు కింది కాలవను పూడ్చి ప్లాట్లు వేసినచోట మాత్రం ఏ పార్కూ కాపాడదు.

మళ్లీ తూము దగ్గరికి. గుంటలో తేరిన నీళ్లను నిండు పోటు తిరిగి పాటు మొదలైన గంటలోపు వదలండి, సముద్రం వైపు పోవడానికి ఐదారు గంటలు దొరుకుతాయి. పోటు ఎక్కుతుండగా వదిలితే మీ నీళ్లు ఎగువకే పోతాయి. ఒకే ఉప్పుటేటి మీద ఉన్న రైతులందరూ వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకుని, ఫలానా తేదీ ఫలానా చెరువు నీళ్లు వదులుతున్నామని ముందురోజే చెప్పుకోండి. ఆ రోజూ మర్నాడూ మిగతావాళ్లు మోటారు వేయకుండా ఉంటారు. తెగులు వస్తే ఆ మాట కూడా దాచకుండా ఆ గ్రూపులోనే పెట్టాలి. దాచిపెట్టిన చెరువు తూమెత్తితే మిగతావాళ్ల జాగ్రత్తలన్నీ దండగే.

నమస్కారం.