చెక్క దిమ్మ నుంచి వేలిముద్ర దాకా

అధ్యక్షులకు, సభకు నమస్కారం. నన్ను పరిచయం చేస్తూ చెప్పినవాటిలో సగం అతిశయోక్తి కనుక, అందుకు కృతజ్ఞతలు చెప్పి నేరుగా విషయంలోకి, అంటే పనిచేసే మనుషులను కొలిచే పద్ధతుల్లోకి వస్తాను.

1800లో స్కాట్లండ్‌లోని న్యూ లానార్క్ నూలు మిల్లుల నిర్వహణ చేపట్టిన రాబర్ట్ ఓవెన్, ప్రతి కార్మికుడి దగ్గరా నాలుగు ముఖాల చిన్న చెక్క దిమ్మను వేలాడదీయించాడు. నిన్నటి నడవడి చెడ్డదైతే నలుపు, అంతంత మాత్రమైతే నీలం, మంచిదైతే పసుపు, చాలా మంచిదైతే తెలుపు బయటికి కనిపించేవి. నేటి పనితీరు మదింపుకు అది తాత. అయితే, వేసిన రంగు అన్యాయమనిపిస్తే కార్మికుడు ఓవెన్ దగ్గరికే వెళ్లి చెప్పుకునే వీలుండేది. దయచేసి ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి.

తర్వాతి కాలాన్ని త్వరగా దాటేస్తాను. 1911లో అమెరికా ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ పనిని గడియారంతో కొలిచే పద్ధతికి శాస్త్రమని పేరు పెట్టాడు. 1924లో షికాగో దగ్గరి హాథార్న్ కర్మాగారంలో పని పరిస్థితులపై మొదలైన ప్రయోగాల తర్వాత కార్మికుడి మనసు కూడా చర్చకు వచ్చింది. 1980ల నుంచి సిబ్బంది విభాగాలు బోర్డు మార్చుకుని మానవ వనరుల విభాగాలయ్యాయి. ఆ ‘వనరు’ అనే మాట నాకు నేటికీ మింగుడుపడదు. బొగ్గూ వనరే, నీరూ వనరే. అవి వచ్చి మన బల్ల ముందు నిలబడవు.

అలా నిలబడిన ఒకాయన గురించి చెప్పాలి. నేను పనిచేసిన చోట వేలిముద్రల హాజరు యంత్రం పెట్టిన తొలి నెలలోనే, ఏళ్ల తరబడి సానపట్టే పని చేస్తున్న ఆయనకు పదకొండు రోజులు గైర్హాజరు పడింది. ఆయన రోజూ వచ్చారు. వేళ్ల మీది గీతలు అరిగిపోవడంతో యంత్రం గుర్తుపట్టలేదు. జీతం కోత జాబితా మీద సంతకం నాది. ఆయన వాదించకుండా రెండు చేతులూ నా బల్ల మీద పరిచి, “ఇక్కడ పని చేసే అరిగాయండీ” అన్నారు. “యంత్రం అలా చూపిస్తోంది కదా” అన్నాను నేను.

ఈ మాట ఎప్పుడూ అననివారు ఈ సభలో ఎందరున్నారు? చేతులెత్తమని అడగను.

ఇప్పుడు దరఖాస్తుల వడపోత మొదలు ఉద్వాసన దాకా కృత్రిమ మేధ చేతికి వెళ్తోంది. 2024లో ఐరోపా సమాఖ్య చేసిన చట్టం ఇలాంటి వినియోగాలను అధిక ముప్పు ఉన్నవాటిలో చేర్చి, వాటిపై మనిషి పర్యవేక్షణ ఉండాలన్నది. మంచిదే. కానీ ఆ పర్యవేక్షించే కుర్చీలో ఆనాటి నాలాంటివాడు కూర్చుంటే?

ఆయన జీతం తిరిగి ఇప్పించడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఒకసారి కోసిన రోజులను వెనక్కి చేర్చే వీలు ఆ సాఫ్ట్‌వేర్‌లో లేకపోవడంతో, మూలన పడేసిన చేతిరాత హాజరు పుస్తకాన్ని దుమ్ము దులిపి మళ్లీ తెరవవలసి వచ్చింది.