ఆఫర్ లెటర్‌ను చివరి పేజీ నుంచి చదవండి

అందరికీ నమస్కారం.

ఆఫర్ లెటర్ చేతికి రాగానే మన కళ్లు ముందు జీతం అంకెను వెతుకుతాయి. తరువాత హోదా. ఆ తరువాత 'పర్మినెంట్' అన్న మాట ఉందా లేదా అని. ఉంటే ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు, లేకపోతే మొహాలు చిన్నబోతాయి. నేను చాలా ఏళ్లు సిబ్బంది విభాగంలో కూర్చుని ఇలాంటి ఉత్తరాలు తయారుచేశాను. ఉద్యోగానికి పెట్టిన పేరు కన్నా, అది ఎలా ముగుస్తుందని రాశారన్నదే మిమ్మల్ని ఎక్కువ కాపాడుతుంది, లేదా ముంచుతుంది. ఆ సంగతి సాధారణంగా చివరి పేజీల్లో ఉంటుంది. అక్కడిదాకా చదివేవారు తక్కువని మాకూ తెలుసు.

పర్మినెంట్ అంటే శాశ్వతం అనుకుంటాం. ఒప్పందం భాషలో దాని అర్థం, ముగింపు తేదీ రాయలేదని మాత్రమే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982లో ఆమోదించిన 158వ ఒడంబడిక ప్రకారం, ఉద్యోగి సామర్థ్యానికో ప్రవర్తనకో సంస్థ అవసరాలకో సంబంధించిన సరైన కారణం ఉంటే తప్ప తొలగించకూడదు. దాన్ని అంగీకరించిన దేశాలు తక్కువే. అమెరికాలో మోంటానా తప్ప మిగిలిన రాష్ట్రాల్లో, ఒప్పందంలో వేరే విధంగా రాసుకోకపోతే, వివక్ష వంటి నిషిద్ధ కారణం కానంతవరకు ఏ కారణమూ చెప్పకుండానే ఉద్యోగిని పంపించేయవచ్చు. అక్కడ పర్మినెంట్ అన్న మాట చెవికి ఇంపుగా ఉంటుంది, అంతే.

ఇక గడువు ఉద్యోగం. ఇందులోనే అసలు మెలిక ఉంది. గడువు రాసిన ఒప్పందాలు రెండు రకాలు: మధ్యలో తెంచుకునే వీలున్నవి, లేనివి. జర్మనీలో ఒప్పందంలో గాని, కార్మిక సంఘాలు యాజమాన్యాలతో కుదుర్చుకునే సామూహిక ఒడంబడికలో గాని ఆ వీలు రాసుకోకపోతే, గడువు లోపల ఏ పక్షమూ మామూలు నోటీసుతో వదిలించుకోలేదు. అంటే పద్దెనిమిది నెలల ఒప్పందం, నెల నోటీసు ఉన్న పర్మినెంట్ ఉద్యోగం కన్నా గట్టిది కావచ్చు. అయితే ఆ తాడు మీ కాలికీ కట్టి ఉంటుంది; మరోచోట మంచి అవకాశం వస్తే కదలలేరు. ఫ్రాన్సు చట్టం ఈ చిక్కును గమనించింది. అక్కడ గడువు ఉద్యోగంలో ఉన్న మనిషికి వేరేచోట గడువు లేని ఉద్యోగం దొరికితే, మధ్యలో వెళ్లిపోవచ్చు. నాకు ఎంతో నచ్చిన నిబంధన అది.

కొన్ని ఆఫర్లు ఇలా ఉంటాయి: మొదటి పేజీలో 'ఒక సంవత్సరం' అని, నాలుగో పేజీలో 'పదిహేను రోజుల నోటీసుతో ఎవరైనా రద్దు చేసుకోవచ్చు' అని. మీకు నిజంగా హామీ దొరికింది పదిహేను రోజులకే. ఏడాది అన్నది మీ పైకప్పు, నేల కాదు. ఇలాంటివి నేనూ రాశాను. సంతకం పెట్టేటప్పుడు ఆ రెండు పేజీలను పక్కపక్కన పెట్టి చూసినవారు నాకు పెద్దగా తారసపడలేదు.

గడువు ఎందుకు పెట్టారో అడగండి. ఇది మొహమాటపడే ప్రశ్న కాదు. ప్రసూతి సెలవులో ఉన్నవారి స్థానంలో తీసుకుంటున్నారా? అయితే వారు తిరిగి వచ్చే రోజు మీరు వెళ్లే రోజు. ప్రాజెక్టు డబ్బు ఉన్నంతవరకేనా? అయితే ఆ డబ్బు ఎప్పటిదాకా మంజూరైందో అడగాలి. పని ఎప్పుడూ ఉండేదే, మనిషికి మాత్రం గడువు పెట్టారంటే, అది పేరు మార్చుకున్న సుదీర్ఘ ప్రొబేషన్ అయి ఉండవచ్చు. దానికి ఒప్పుకోవచ్చు, కానీ తెలిసి ఒప్పుకోవాలి.

ఇలాంటి గడువు ఒప్పందాన్నే మళ్లీ మళ్లీ పొడిగిస్తూ పోవడాన్ని ఆపడానికే ఐరోపా సమాఖ్య 1999లో ఒక ఆదేశం తెచ్చింది. పొడిగింపుకు కారణం చూపించాలనో, మొత్తం కాలానికో పొడిగింపుల సంఖ్యకో హద్దు ఉండాలనో సభ్య దేశాలు నియమం పెట్టుకోవాలి. జర్మనీలో కారణం చూపకుండా పెట్టే గడువు మామూలుగా రెండేళ్లు దాటకూడదు. ఆ లోపల పొడిగింపులు మూడే. జపాన్‌లో 2013 ఏప్రిల్ నుంచి, ఒకే యజమాని దగ్గర ఒప్పందాలన్నీ కలిపి ఐదేళ్లు దాటిన ఉద్యోగి అడిగితే గడువు లేని ఒప్పందానికి మార్చాలి. ఉద్దేశం మంచిదే. కానీ ఐదేళ్లు నిండకముందే సాగనంపిన సంస్థలూ ఉన్నాయి. కాబట్టి మీ దేశంలో అలాంటి హద్దు ఉంటే, దాని ముందు నెలలు మీకు జాగ్రత్త కాలం.

గడువు తీరి ఇంటికి పోవడాన్ని చాలా చట్టాలు తొలగింపుగా లెక్కించవు. భారతదేశంలో 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టానికి 1984లో చేర్చిన సవరణ ఆ మాటే చెప్పింది: ఒప్పందం పొడిగించకపోవడం రిట్రెంచ్‌మెంట్, అంటే చట్టం పరిహారం ఇవ్వమనే తొలగింపు, కిందకు రాదు. రిట్రెంచ్‌మెంట్ కాకపోతే దానికిచ్చే పరిహారమూ లేదు. ఫ్రాన్సులో మాత్రం గడువు ముగిసి ఉద్యోగం కొనసాగకపోతే, కొన్ని మినహాయింపులు పోను, ఆ కాలంలో చెల్లించిన మొత్తం స్థూల వేతనంలో 10 శాతం అదనంగా ఇవ్వాలి. అనిశ్చితికి ధర కట్టారన్నమాట. మీ దేశంలో అలాంటి చట్టం లేకపోయినా ఆ లెక్క మీకు పనికొస్తుంది. 'గడువు భారం నేను మోస్తున్నాను, జీతంలో ఆ మేరకు చూపించండి' అని అడగడానికి ఒక కొలత దొరికింది కదా. అడిగినంత మాత్రాన ఆఫర్ వెనక్కి తీసుకున్న సందర్భం నా అనుభవంలో ఒక్కటీ లేదు.

చివరగా నోటిమాట. 'ఏడాది తరువాత పర్మినెంట్ చేస్తాం, కంగారు పడకండి' అని ఇంటర్వ్యూ చేసినవారు చెబుతారు. అబద్ధం చెప్పాలని కాదు, ఆ రోజు వారికి అదే నమ్మకం. నా దగ్గరకు ఒకాయన వచ్చి, 'అయ్యా, ఫలానా మేనేజరు మాట ఇచ్చారు' అన్నారు. ఆ మేనేజరు అప్పటికి ఆరు నెలల క్రితమే వేరే సంస్థకు వెళ్లిపోయారు. ఫైలులో ఒక్క వాక్యమైనా ఉంటే నేను ఏదో ప్రయత్నించేవాణ్ని. ఆయనను పంపినంత అన్యాయంగా నేను మరెవరినీ పంపలేదు. అలాంటి మాటను సంస్థ ఒప్పందంలో చేర్చనంటే, కనీసం 'మీరు చెప్పినట్టు ఫలానా నెలలో నా కొనసాగింపును సమీక్షిస్తారని అర్థం చేసుకున్నాను' అని సంతకానికి ముందే ఒక ఈమెయిలు పంపి ఉంచండి.

మీలో కొందరు ఆఫర్ లెటర్లు వెంట తెచ్చుకున్నారని నిర్వాహకులు చెప్పారు. మొదటి పేజీ వదిలేయండి. రద్దు, నోటీసు అన్న మాటలు ఎక్కడున్నాయో వెతికి, ఎన్ని రోజులని రాశారో ముందు వరుసవారి నుంచి ఒక్కొక్కరే చెప్పండి.