పాత గేమింగ్ పీసీకి కొత్త కార్డు: పెట్టె ఏమంటుందో ముందు వినాలి

అందరికీ నమస్కారం.

గ్రాఫిక్స్ కార్డు గురించి ప్రసంగం అనగానే మీలో చాలామంది ఫోన్‌లో ఏదో ఒక బెంచ్‌మార్క్ పట్టిక, అంటే ఏ కార్డు ఎంత వేగమో కొలిచి రాసిన జాబితా, తెరిచి పెట్టుకునే ఉంటారు. కాసేపు దాన్ని మూసేయండి. పట్టికలో తప్పేమీ లేదు. కాకపోతే ఆ కార్డుల్ని పరీక్షించినవాళ్ళు దొరికినవాటిలో అతి వేగమైన ప్రాసెసర్ పెట్టి పరీక్షించారు. కార్డుకీ కార్డుకీ మధ్య తేడా తేలాలంటే మిగతావేవీ అడ్డు రాకూడదు కాబట్టి వాళ్ళు చేసింది సబబే. మీ ఇంట్లో ఉన్నది మాత్రం ఏడెనిమిదేళ్ళ నాటి పెట్టె. అక్కడ అన్నీ అడ్డొస్తాయి. ఏ కార్డు కొనాలో సగం తేల్చేసేది ఆ పెట్టే. మిగతా సగం దానికి తగిలించిన మానిటర్ తేలుస్తుంది. మన ఇష్టాయిష్టాలకి మిగిలే చోటు అనుకున్నదానికంటే తక్కువ.

ముందు ప్రాసెసర్ సంగతి చూద్దాం. ఒక ఫ్రేము, అంటే కదిలే ఆటలోని ఒక్కో బొమ్మ, తెరమీదకి రావాలంటే ఆటలో ఎవరెక్కడున్నారు, ఏది దేనికి తగిలింది, ఏమేం గీయాలి అన్న లెక్కంతా ప్రాసెసర్ కట్టి కార్డుకి పురమాయిస్తుంది. కార్డు ఆ పిక్సెళ్ళకి రంగులద్దుతుంది. ఇటుకలందించే కూలీకీ గోడ కట్టే మేస్త్రీకీ ఉన్న పొత్తు ఇది. ఇటుకలు అందకపోతే ఎంత పనిమంతుడైన మేస్త్రీ అయినా తాపీ పట్టుకుని నిలబడాల్సిందే. సెకనుకి 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకి గడువు 16.7 మిల్లీసెకన్లు. 144 కావాలంటే 6.9 మిల్లీసెకన్లే. మీ ప్రాసెసర్ ఒక్కో ఫ్రేము లెక్కకి 20 మిల్లీసెకన్లు తీసుకుంటోందనుకోండి, కార్డు ఎంత పెద్దదైనా సెకనుకి 50 ఫ్రేములు దాటవు.

మరి మీ పీసీలో వెనకబడుతున్నది ఎవరు? పైసా ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. మీరు ఎక్కువగా ఆడే ఆట తెరవండి. ఫ్రేముల వేగాన్ని తెరకి కట్టేసే వి-సింక్, ఫ్రేముల పరిమితి, తక్కువ పిక్సెళ్ళతో గీసి పెద్దది చేసే డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ లాంటివన్నీ ఆపేయండి. జనసంచారం ఎక్కువగా ఉండే చోట, అంటే సంతలోనో నగరం నడిబొడ్డునో, పాత్రని నిలబెట్టి ఫ్రేముల సంఖ్య రాసుకోండి. ఇప్పుడు రెజల్యూషన్ ఒక్కటే 1280×720కి దించండి. ఇంకేదీ ముట్టుకోకండి. అదే చోట, అదే వైపు చూస్తూ మళ్ళీ సంఖ్య చూడండి. 45 ఉన్నది 90 అయిందా? అయితే లోపం కార్డుదే, కొత్త కార్డుతో మీ పీసీకి ప్రాణం లేచొస్తుంది. 45 ఉన్నది 48 దగ్గరే ఆగిపోయిందా? అడ్డు ప్రాసెసర్ దగ్గరుంది.

ఈ పరీక్షలో ఇంకో లాభం ఉంది. 720లో మీకు వచ్చిన సంఖ్య, రేపు కొత్త కార్డు పెట్టాక మీకు దక్కే గరిష్ఠానికి దగ్గరగా ఉంటుంది. 720లో 70 వస్తోందంటే, రెట్టింపు వేగం గల కార్డు తెచ్చినా ఆ ఆటలో 70కి అటూఇటూగానే ఉంటారు. వెలుగునీడల్ని కిరణాల లెక్కతో గీసే రే ట్రేసింగ్ ఆన్ చేస్తే ఇంకా తగ్గొచ్చు, ఎందుకంటే అది ప్రాసెసర్ మీద కూడా బరువు మోపుతుంది.

టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ 40 శాతమే వాడుతోంది కదా, ఇంకా బోలెడంత ఖాళీ ఉంది కదా అంటారు కొందరు. ఆ 40 శాతం అన్ని కోర్ల, అంటే ప్రాసెసర్ లోపలి పనివాళ్ళందరి, సగటు. ఆటలో ముఖ్యమైన పనంతా ఒకటి రెండు థ్రెడ్ల (వరుసగా సాగే పనుల) మీదే నడుస్తుంది. ఆ ఒక్క కోరు ఊపిరాడక కొట్టుకుంటుంటే మిగతా కోర్లు గోళ్ళు గిల్లుకుంటుంటాయి. చూడాల్సింది కార్డు వాడకం. అది 97, 98 దగ్గర నిలబడితే కార్డు తన శక్తికొద్దీ పనిచేస్తున్నట్టు. 60, 70 దగ్గర ఊగిసలాడుతుంటే ఇటుకల కోసం చూస్తున్నట్టు.

ప్రాసెసర్ దగ్గరే అడ్డని తేలినా పెట్టె మొత్తం పారేయాలని బెంగపడక్కర్లేదు. క్యాబినెట్ తెరిచి చూస్తే ర్యామ్ ఒకే ఒక్క స్టిక్ ఉంటుంది చాలా పీసీల్లో. రెండోది జోడిస్తే డ్యూయల్ చానల్ అయి మెమరీ బ్యాండ్‌విడ్త్ రెట్టింపవుతుంది. వేగమైన ర్యామ్ కొని బయోస్‌లో ఎక్స్ఎమ్‌పీ (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయనివాళ్ళూ బోలెడుమంది. మీది ఏఎండీ ఏఎమ్4 రకం సాకెట్ ఉన్న బోర్డయితే అదృష్టం: 2017 నాటి బోర్డుల్లో చాలావాటికి బయోస్ అప్‌డేట్ చేసి రైజెన్ 5000 ప్రాసెసర్లు పెట్టుకోవచ్చు. 2022లో వచ్చిన 5800 ఎక్స్3డీకి 96 ఎంబీల ఎల్3 క్యాషె, అంటే ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ, ఉంది. ఆటలకి అది బాగా పనికొస్తుంది. అలాంటివాళ్ళకి ముందు ప్రాసెసర్ మార్చమనే నా సలహా, కార్డు తర్వాత.

ఇక మానిటర్. 1920×1080 అంటే దాదాపు 20.7 లక్షల పిక్సెళ్ళు. 2560×1440 అంటే 36.9 లక్షలు. 4కే అంటే 82.9 లక్షలు, అంటే మొదటిదానికి సరిగ్గా నాలుగు రెట్లు. 60 హెర్ట్జ్ (సెకనుకి 60 ఫ్రేములే చూపించే) 1080 తెర పెట్టుకుని 4కే కార్డు కొంటే ఆ కార్డు రోజంతా కునుకు తీస్తుంది. తెర కూడా త్వరలో మార్చే ఉద్దేశం ఉంటే లెక్క వేరు.

ఇప్పుడు ఎక్కువమంది పట్టించుకోని విషయానికొద్దాం. పట్టించుకోనందుకు పాత పీసీలవాళ్ళే ఎక్కువగా దెబ్బతింటారు. కార్డుకీ మదర్‌బోర్డుకీ మధ్య దారి పేరు పీసీఐఈ. దాంట్లో లేన్లుంటాయి. మూడో తరం పీసీఐఈలో ఒక్కో లేను మీద ఒక్కో దిశలో సెకనుకి సుమారు 1 జీబీ డేటా వెళ్తుంది. నాలుగో తరంలో సుమారు 2, ఐదులో సుమారు 4. ఇంటెల్ పదో తరం ప్రాసెసర్ల దాకా, ఏఎండీ బీ450 బోర్డుల దాకా మూడో తరమే. కార్డు స్లాటు పొడవు చూసి 16 లేన్లూ వాడుతుందనుకుంటాం. చౌకరకం కార్డులు చాలావరకు 8 లేన్లే వాడతాయి, కొన్నైతే నాలుగే.

2022లో ఏఎండీ విడుదల చేసిన ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ ఇందుకు మంచి ఉదాహరణ. నాలుగో తరం, నాలుగే లేన్లు, 4 జీబీ వీరామ్ (కార్డు మీదే ఉండే సొంత మెమరీ). కొత్త బోర్డు మీద సెకనుకి 8 జీబీ దారి దొరుకుతుంది. పాత బోర్డులో పెట్టగానే దారి సగమై 4 జీబీకి పడిపోతుంది. పాత పీసీలున్నవాళ్ళే ఎక్కువగా కొనే స్థాయి కార్డు, పాత పీసీలోనే ఎక్కువగా చతికిలపడుతుంది.

ఇక్కడ లేన్లనీ వీరామ్‌నీ విడివిడిగా చూడకూడదు. ఆటకి కావలసిన టెక్స్చర్లన్నీ (గోడలకీ మనుషులకీ అతికించే బొమ్మలు) వీరామ్‌లో పట్టినంతకాలం ఆ దారి మీద రద్దీ తక్కువే, 8 లేన్ల కార్డు మూడో తరం బోర్డులో ఉన్నా పెద్దగా తేడా తెలియదు. వీరామ్ నిండిన క్షణం నుంచి పొంగినదంతా పీసీ ర్యామ్‌లోకి వెళ్ళి ప్రతిసారీ ఆ సన్నటి దారి మీదుగా తిరిగి రావాలి. అప్పుడు మొదలవుతుంది అసలు అవస్థ. సగటు 60 ఫ్రేములే చూపిస్తుంది. మలుపు తిరిగినప్పుడల్లా మాత్రం బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. ఎదురుగా ఉన్న గోడ మీద రాతలు మసకగా కనిపించి, రెండు సెకన్ల తర్వాత తేటపడతాయి. అందుకే సగటు కన్నా 1 శాతం కనిష్ఠం (అతి నెమ్మదైన 1 శాతం ఫ్రేముల వేగం) అన్న అంకె చూడమంటాను. బిగుసుకుపోవడం బయటపడేది అక్కడే.

కాబట్టి మూడో తరం బోర్డున్నవాళ్ళు 8 జీబీ వీరామ్, 8 లేన్లు కలిసొచ్చిన కార్డుని కాస్త అనుమానంగానే చూడాలి. ఆర్‌టీఎక్స్ 4060, ఆర్‌టీఎక్స్ 5060 రెండూ ఆ కోవలోవే. 1080 తెర మీద సెట్టింగ్స్ అదుపులో పెట్టుకుని ఆడేవాళ్ళకి చెల్లుతాయి, అంతకు మించి ఆశపెట్టుకోకండి. 5060 టీఐలో 8, 16 జీబీ రెండు రకాలున్నాయి. రెంటికీ 8 లేన్లే, కానీ 16 జీబీ రకానికి పొంగే అవసరం అంతగా రాదు కాబట్టి పాత బోర్డులో కూడా నిబ్బరంగా ఉంటుంది. ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ అయితే పూర్తి 16 లేన్లు వాడుతుంది, పాత బోర్డుకి దాన్నే ముందు చెప్తాను. సెకండ్ హ్యాండ్‌లో వెతికేవాళ్ళు పాత ఆర్‌టీఎక్స్ 3060ని చిన్నచూపు చూడొద్దు: 12 జీబీ, 16 లేన్లు.

మీ బోర్డు ఏ తరమో తెలియకపోతే జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిచి బస్ ఇంటర్‌ఫేస్ అన్న గడి చూడండి. మామూలుగా అక్కడ 1.1 అని కనిపించి గుండె ఆగినంత పనవుతుంది. పని లేనప్పుడు కరెంటు ఆదా కోసం కార్డు వేగం తగ్గించుకుంటుంది, అంతే. పక్కనున్న ప్రశ్నార్థకం నొక్కి రెండర్ టెస్ట్ నడిపిస్తే అసలు తరం, అసలు లేన్లు బయటపడతాయి.

ఇంటెల్ ఆర్క్ కార్డుల గురించి ఒక్క మాట. బీ580లో 12 జీబీ వీరామ్ ఉంది, ఊరిస్తుంది కూడా. కానీ ఆర్క్ కార్డులకి రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ వీరామ్ మొత్తాన్నీ ఒకేసారి అందుకునే వీలు) తప్పనిసరి అనుకోండి. అది లేని పాత బోర్డులో వేగం బాగా పడిపోతుంది. ఉన్నా, పాత ప్రాసెసర్ల మీద వాటి డ్రైవర్లు బరువెక్కువ మోపుతాయి. కొత్త పీసీకి సరే, ముసలి పీసీకి వద్దు.

కరెంటు లెక్క సులువు. స్లాటు నుంచి 75 వాట్లు, 6 పిన్నుల కేబుల్ నుంచి 75, 8 పిన్నుల కేబుల్ నుంచి 150. మీ ఎస్ఎమ్‌పీఎస్‌కి (పీసీకి కరెంటిచ్చే డబ్బాకి) 8 పిన్నుల కేబులే లేకపోతే, అడాప్టర్ తగిలించి కార్డుకి ఇవ్వాలన్న ఆలోచన మానుకోండి. కేబుల్ ఇవ్వలేదంటే అంత కరెంటు ఇవ్వలేనని ఎస్ఎమ్‌పీఎస్ తనంతట తాను చెప్తున్నట్టే. ఆఫీసుల నుంచి వచ్చిన బ్రాండెడ్ పీసీల్లో ఎస్ఎమ్‌పీఎస్ కనెక్టరు కూడా ఆ కంపెనీదే వేరేగా ఉంటుంది, మార్చుకోవడం కష్టం. అలాంటివాటికి అదనపు కేబుల్ అక్కర్లేని కార్డు కావాలి. 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ సరిపోతుంది. ఇదే పేరుతో 8 జీబీ రకం కూడా ఉంది, దానికి 130 వాట్లు, కేబుల్ కావాలి. కోర్లు కూడా వేరు. ఒకే పేరు పెట్టి రెండు వేరు వేరు కార్డులు అమ్మడం ఈ పరిశ్రమకి పాత అలవాటు, కార్డు వచ్చే అట్టపెట్టె మీద చిన్న అక్షరాలు చదవండి. క్యాబినెట్‌లో కార్డు పొడవుకి చోటుందో లేదో టేపుతో కొలవండి. మీ మానిటర్‌కి వీజీఏ ఒక్కటే ఉంటే ఇప్పటి కార్డుల్లో ఆ పోర్టు ఉండదు, సిగ్నల్‌ని మార్చే యాక్టివ్ కన్వర్టర్ కావాలి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళకి నేను ఒక గీత గీస్తాను: ఎన్విడియాలో ఆర్‌టీఎక్స్ 20 సిరీస్, ఏఎండీలో ఆర్ఎక్స్ 6000 సిరీస్. అంతకు కిందకి దిగొద్దు. జీటీఎక్స్ 1080 టీఐ ఒకప్పుడు మహారాజే, ఇప్పటికీ చాలా ఆటల్లో పరుగెడుతుంది. కానీ హార్డ్‌వేర్ రే ట్రేసింగ్ లేకపోతే అసలు తెరుచుకోని ఆటలు వచ్చేశాయి. 10 సిరీస్‌కి ఆటల కోసం చేసే కొత్త డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆపేసి, 2028 అక్టోబరు దాకా భద్రతా సవరణలు మాత్రమే ఇస్తామని ఎన్విడియా ప్రకటించింది. ఆర్ఎక్స్ 5700 ఎక్స్‌టీ వేగం బాగున్నా దానికీ రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ లేదు. ఇక క్రిప్టో నాణేల మైనింగ్‌లో వాడిన కార్డంటే అందరూ హడలిపోతారు, నేను అంతగా భయపడను. కొనేముందు అరగంట బరువైన ఆట నడిపించమనండి, ఫ్యాన్లు గరగరలాడుతున్నాయేమో వినండి, తెర మీద చుక్కలో గీతలో వస్తున్నాయేమో చూడండి. నడిపించి చూపించనంటే వచ్చిన దారినే వెళ్ళిపోండి.

అసలు ఫ్రేముల మధ్య కార్డే కొత్తవి కల్పించి చేర్చే ఫ్రేమ్ జనరేషన్‌తో సంఖ్య రెట్టింపవుతుందిగా అని అడుగుతారు. తెర మీద కదలిక నున్నగా అవుతుంది, నిజమే. మౌస్ కదిపినప్పుడు స్పందన మాత్రం అసలు ఫ్రేములు ఎన్నున్నాయో అంతే, ఇంకా కాస్త వెనకబడుతుంది కూడా. 30 వచ్చే చోట దాన్ని ఆన్ చేసి 60 అని మురిసిపోవద్దు. 60 వచ్చే చోట ఆన్ చేస్తే బాగుంటుంది.

ఎంత ఖర్చు పెట్టాలన్నది ఆ పెట్టెని ఇంకెన్నాళ్ళు ఉంచుతారన్న దాన్నిబట్టి ఉంటుంది. రెండేళ్ళలో మొత్తం మార్చే ఉద్దేశం ఉంటే కాస్త పెద్ద కార్డు, మంచి ఎస్ఎమ్‌పీఎస్ ఇప్పుడే కొనండి. రెండూ కొత్త పెట్టెలోకి వెంట వస్తాయి. మార్చే ఉద్దేశం లేకపోతే 720 పరీక్షలో వచ్చిన సంఖ్యని అందుకునే కార్డు దగ్గర ఆగిపోండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు. అడిగేవాళ్ళు దయచేసి ప్రాసెసర్ పేరు, తెర రెజల్యూషన్, ఎస్ఎమ్‌పీఎస్ వాట్లు ముందు చెప్పండి. కార్డు పేరు తర్వాత చెప్పండి.