ఆసుపత్రి నుంచి వచ్చాక ఎక్కడికి వెళ్లాలి?

(దృశ్యం: తెల్లవారుజాము, చేనేత వీధి. మగ్గాల చప్పుడు. ఒక ఇంటి అరుగు మీద ఖాళీ కుర్చీ.)

నమస్కారం. అనంతపురం నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు చెప్పబోయేది మా ఇంటి సంగతితో మొదలవుతుంది.

మాది ధర్మవరం నుంచి వచ్చిన కుటుంబం. మా చిన్నాయన పట్టుచీరలు నేసేవాడు. ఇరవై ఆరేళ్లప్పుడు ఆయన చెవుల్లో మాటలు వినపడటం మొదలైంది. గదిలో ఎవరూ లేకపోయినా ఎవరో తిడుతున్నట్టు ఉండేదట. గాలి సోకిందన్నారు. కసాపురం ఆంజనేయస్వామి గుడికి తీసుకెళ్లాం, కడప పెద్ద దర్గాకు తీసుకెళ్లాం. ఆ తర్వాతే ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరు గారు స్కిజోఫ్రీనియా అని చెప్పి మాత్రలు రాశారు. కొన్ని నెలల్లో ఆ గొంతులు చాలావరకు తగ్గిపోయాయి. ఇంక భయం లేదనుకున్నాం.

ఆ తర్వాత పదకొండేళ్లు ఆయన అరుగు మీదే కూర్చున్నాడు.

(దృశ్యం: అదే అరుగు. ఎండ, వాన, దీపావళి టపాసుల పొగ. కుర్చీ మాత్రం అక్కడే.)

మేం అన్నం పెట్టాం, బట్టలు కొన్నాం, ఒక్క మాట అనలేదు. సంతకు పోయొస్తానంటే "నీకెందుకు చిన్నాయనా ఈ శ్రమ, కూర్చో" అన్నాం. పెళ్లిళ్లకు వస్తానంటే "జనంలో టెన్షన్ పడతావులే" అన్నాం. ఆయన మంచికే అనుకున్నాం. పదకొండేళ్లలో ఆయనతో ఎవరికీ ఒక్క పని కూడా పడలేదు. ఆ సంగతి మాకు తట్టనే లేదు.

తట్టింది ఆసుపత్రి ఓపీ లైన్‌లో. నెల మాత్రల కోసం వెళ్లాం. గుత్తి వైపు నుంచి వచ్చిన ఒకాయన చిన్నాయన పక్కన కూర్చున్నాడు. ఇద్దరి చేతుల్లోనూ ఒకే రంగు మాత్రల అట్ట ఉంది.

"ఇవి మింగితే పొద్దున్నే లేసేకి కాదు కదన్నా?" అన్నాడాయన.

"కాదప్పా. నోరు కూడా ఎండిపోతాది."

"నాకు చెయ్యి వణికేది. డాక్టరుకు చెప్పినా. మందు మార్చినారు."

చిన్నాయన తన కుడి చెయ్యి ఎత్తి ఆయనకు చూపించాడు. అది సన్నగా వణుకుతోంది. ఆ వణుకుతోనే ఆయన మగ్గం వదిలేశాడు. మేమేమో బద్ధకం అనుకున్నాం. ఆరోజు డాక్టరు గారి ముందు ఆ చెయ్యి చాపాడు. మందు మోతాదు మారింది. కొన్ని వారాలకు వణుకు తగ్గింది.

పదకొండేళ్లుగా మాకు గానీ డాక్టరుకు గానీ చెప్పని మాటను, ముఖం తెలియని మనిషికి అయిదు నిమిషాల్లో చెప్పాడు. ఆయనా అదే దారిలో నడిచి వచ్చినవాడు కాబట్టి చెప్పగలిగాడు.

(తెర మీద అక్షరాలు: పీర్ సపోర్ట్)

దీన్నే పీర్ సపోర్ట్ అంటారు. మానసిక జబ్బును స్వయంగా అనుభవించి కొంత కుదుటపడిన మనిషి, అదే జబ్బుతో ఉన్న ఇంకొకరికి తోడు నిలవడం. మా చిన్నాయనకు అది లైన్‌లో అనుకోకుండా దొరికింది. దాన్ని రోజూ దొరికేలా చేసే కేంద్రాలు ప్రపంచంలో చాలా చోట్ల ఉన్నాయి.

(దృశ్యం: పాతకాలపు నలుపు తెలుపు బొమ్మ. పెద్ద భవనం మెట్ల మీద కొంతమంది.)

1940లలో న్యూయార్క్ దగ్గర రాక్‌లాండ్ అనే మానసిక ఆసుపత్రి నుంచి బయటికి వచ్చిన కొందరు ఒకరినొకరు వెతుక్కున్నారు. కలుసుకోవడానికి చోటు లేదు. నగర గ్రంథాలయం మెట్ల మీద కూర్చునేవాళ్లట. వాళ్లు పెట్టుకున్న పేరుకు అర్థం 'మేం ఒంటరివాళ్లం కాదు'. 1948లో వాళ్లకు ఒక ఇల్లు దొరికింది. పెరట్లో నీటి ఫౌంటెన్ ఉండేది, అందుకే దానికి ఫౌంటెన్ హౌస్ అని పేరొచ్చింది. ఆ పద్ధతినే ఇప్పుడు క్లబ్‌హౌస్ అంటున్నారు. క్లబ్ అనగానే పేకాట గుర్తొస్తుంది మనకు, అది కాదు.

అక్కడ పేషెంటు అనే మాట లేదు. అందరూ సభ్యులే. ఒకసారి చేరితే జీవితాంతం సభ్యత్వం ఉంటుంది. మధ్యలో రెండేళ్లు కనపడకపోయినా తలుపు తెరిచే ఉంటుంది. ఎవరినీ బలవంతంగా చేర్చరు.

ఉదయం అందరూ కూర్చుని ఆరోజు పనులు చెప్పుకుంటారు. మధ్యాహ్నం వంట ఎవరు చేస్తారు, లెక్కలు ఎవరు రాస్తారు, వచ్చినవాళ్లను పలకరించేదెవరు, ఇలా. జీతానికి పనిచేసే సిబ్బంది ఉంటారు గానీ కావాలనే తక్కువమందిని పెట్టుకుంటారు. సభ్యులు చెయ్యి వెయ్యకపోతే ఆ ఇల్లు నడవదు. సిబ్బందికి వేరే గది, వేరే మీటింగు ఉండవు. ఉల్లిపాయలు ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని తరుగుతారు. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది ఇదే. మా ఇంట్లో చిన్నాయనకు మేం కంచంలో పెట్టి ఇచ్చాం. ఆ ఇంట్లో అయితే ఆయన వండితేనే మిగతావాళ్లు తింటారు.

ఇంకో నియమం విన్నప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పండగ ఏ రోజు వస్తే ఆ రోజే అక్కడ జరుపుకోవాలి. ఆఫీసులకు సెలవు కదా అని ముందు రోజో తర్వాతి రోజో కానిచ్చేయకూడదు. ఎందుకంటే ఇంట్లో ఎవరూ లేని మనిషికి ఉగాది నాడే ఒంటరితనం ఎక్కువ.

ఎవరైనా కొన్ని రోజులు రాకపోతే తోటి సభ్యులు ఫోన్ చేస్తారు, ఇంటికి వెళ్లి చూస్తారు. ఈ జబ్బు తిరగబెట్టే ముందు చాలామంది మొదట మనుషులకు దూరమవుతారు, నిద్ర తప్పుతుంది. ఆ ఫోన్ ఆ సమయానికే వెళ్తుంది.

బయటి ఉద్యోగాలకూ ఒక దారి ఉంది. క్లబ్‌హౌస్ ఏదో ఒక దుకాణంతో మాట్లాడి పూట పని ఒప్పందం చేసుకుంటుంది. ఒక సభ్యుడు కొన్ని నెలలు చేస్తాడు, తర్వాత ఇంకొకరికి అవకాశం. జీతం అందరిలాగే యజమానే ఇస్తాడు. సభ్యుడికి ఒంట్లో బాగోలేని రోజు కేంద్రం నుంచి మరొకరు వెళ్లి ఆ పని చేసి వస్తారు. యజమానికి నష్టం లేదు, సభ్యుడికి పని పోతుందన్న భయం లేదు.

(తెర మీద: ఒక పక్క డాక్టరు గది, ఒక పక్క వంటగది. మధ్యలో మనుషులు అటూ ఇటూ నడుస్తుంటారు.)

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది వైద్యానికి బదులు కాదు. అక్కడ మందులివ్వరు. పీర్ సపోర్ట్ చేసేవాళ్లు "మాత్ర మానెయ్" అని గానీ "ఇంకోటి వేసుకో" అని గానీ చెప్పకూడదు, "డాక్టరును అడుగుదాం పద" అనాలి. విన్న కష్టాన్ని వీధిలో చెప్పకూడదు. వాళ్లూ ఆ జబ్బుతో బతుకుతున్నవాళ్లే కాబట్టి వాళ్లకూ శిక్షణ కావాలి, విశ్రాంతి కావాలి. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయని ఎవరైనా అంటే ఒంటరిగా వదలకుండా వెంటనే వైద్యం దగ్గరికి తీసుకెళ్లాలి. 14416 ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు. రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

(తెర మీద నంబరు పెద్దగా, పది సెకన్లు.)

మన దేశంలో ఇది కుదురుతుందా అంటే, దీనికి దగ్గరి పనులు ఇప్పటికే జరుగుతున్నాయి. చెన్నైలో ది బన్యన్ సంస్థ, ఏళ్ల తరబడి ఆసుపత్రిలో ఉండిపోయినవాళ్లను మామూలు వీధుల్లో అద్దె ఇళ్లలో కొద్దిమంది చొప్పున కలిపి ఉంచుతోంది. గుజరాత్‌లో ఆత్మీయత అనే కార్యక్రమంలో ఊరివాళ్లే శిక్షణ తీసుకుని ఊరివాళ్లకు తోడుంటారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మంచి పద్ధతులు ఇవీ అని చూపించిన పుస్తకంలో ఈ రెండూ ఉన్నాయి, హాంకాంగ్‌లోని ఒక క్లబ్‌హౌస్ కూడా ఉంది.

చట్టమూ మన వైపే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, మానసిక జబ్బు ఉన్న మనిషికి సమాజంలో అందరి మధ్య బతికే హక్కు ఉంది. ఇంటివాళ్లు రానివ్వలేదనో, బయట సౌకర్యాలు లేవనో ఆసుపత్రిలోనే ఉంచేయకూడదు. గొలుసులతో కట్టడం నేరం. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగులను ఉంచిన ఆశ్రమంలో మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది తప్పించుకోలేక చనిపోయారు. ఆ సంగతి తెలిసినవాళ్లెవరూ "కట్టేస్తేనే కుదురుగా ఉంటాడు" అనలేరు.

మన పక్కనే బళ్లారి ఉంది. 1980లలో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు ఆ జిల్లాలోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ద్వారా మానసిక వైద్యం అందించి చూపించారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. అలా మాత్ర పల్లె దాకా వచ్చింది. మాత్ర మింగాక పొద్దుగుంకేదాకా ఎక్కడ కూర్చోవాలన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది.

(దృశ్యం: పొదుపు సంఘం మీటింగు. చాపలు, పుస్తకం, సంతకాలు.)

నిజానికి ఈ పని మన జిల్లాకు కొత్త కాదు. పొదుపు సంఘంలో వారం వారం కూర్చుని, పుస్తకం రాసి, రాని మనిషిని వెతికి తీసుకొచ్చే ఆడవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ ఊరూరా వికలాంగుల సంఘాలు కట్టించింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక జబ్బు కూడా ఉంది. ఆ సంఘాల్లోకి మా చిన్నాయన లాంటివాళ్లనూ పిలవండి. బస్టాండుకు నడిచి వెళ్లేంత దూరంలో రెండు గదులు, ఒక స్టవ్వు, ఒక హాజరు పుస్తకం ఉంటే మొదలుపెట్టొచ్చు. ఆడవాళ్లు చీకటి పడకముందే ఇల్లు చేరేలా వేళలు పెట్టాలి. చెనక్కాయలు ఏరడం, జిరాక్స్ షాపు, చీరలు మడత పెట్టడం, ఇలాంటి పూట పనులు ఇచ్చే యజమానులు ముందుకు రావాలి.

(దృశ్యం: గురువారం మధ్యాహ్నం, మా ఇంటి వసారా. నాలుగు కుర్చీలు.)

మేం మా వసారాతో మొదలుపెట్టాం. గురువారం మధ్యాహ్నాలు నలుగురు వస్తారు. బొరుగుల ఉగ్గాని చిన్నాయనే చేస్తాడు. ఉప్పు ఒక్కోసారి ఎక్కువవుతుంది, తినేవాళ్లు మొహం మీదే చెప్తారు. పోయిన వారం గుత్తి ఆయన మూడైనా రాలేదు. చిన్నాయన నా ఫోన్ తీసుకుని బయటికి వెళ్లాడు.

"ఏమప్పా, ఇంగా రాలేదే? బొరుగులు నానబెట్టినా. బస్సు దొరకలేదా? సరే, ఉంటాంలే, రా."