పరీక్ష చూశాకే తేడా వచ్చింది

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో టీచర్లే ఎక్కువని చెప్పారు. అందుకే ఉపోద్ఘాతం మానేసి నేరుగా హానా కథలోకి వెళ్తాను.

హానా నాలుగో తరగతి చదివే అమెరికా పాప. మనస్తత్వ పరిశోధకులు జాన్ డార్లీ, పేజెట్ గ్రాస్ 1983లో ప్రచురించిన ప్రయోగంలో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ విద్యార్థులు ఆ పాప వీడియో చూశారు. కొందరికి కనిపించింది పేదల బస్తీ, ఇరుకు ఇళ్లు. ఇంకొందరికి పెద్ద పెద్ద ఇళ్లు, పచ్చటి పార్కు. పాప మాత్రం ఒకతే.

ఈ పాప చదువు ఏ తరగతి స్థాయిలో ఉంటుందని అడిగారు. ఆ ఒక్క వీడియోతో ఆగినవాళ్లు, ఏ ఇల్లు చూసినా, ఇంచుమించు నాలుగో తరగతే అన్నారు. ఇల్లు చూసి తెలివి అంచనా కట్టకూడదన్న ఇంగితం వాళ్లకుంది. మనకూ ఉంది లెండి.

మిగతావాళ్లకు ఇంకో వీడియో కూడా వేశారు. అందులో హానా 25 ప్రశ్నలకు జవాబులు చెబుతుంది. కష్టమైనవి కొన్ని చెప్పేస్తుంది, తేలికైనవి కొన్ని తప్పుతుంది. అందరూ చూసింది ఆ పరీక్షే. కానీ కలిగినింటి పిల్ల అనుకున్నవాళ్లు స్థాయి పెంచారు, పేదింటి పిల్ల అనుకున్నవాళ్లు తగ్గించారు. అడిగితే కారణాలూ చూపించారు!

నన్ను భయపెట్టేది ఇదే. న్యాయం కోసం మనం పెట్టుకున్న పరీక్షే వాళ్ల జంకు పోగొట్టింది. అప్పటిదాకా నోరు మెదపని అభిప్రాయానికి ఓ సాక్ష్యం దొరికింది. "ఊరికే అనలేదండీ, పేపరు దిద్దాకే అన్నా" అని స్టాఫ్‌రూమ్‌లో మనం అనే మాట గుర్తు తెచ్చుకోండి.

ఆడ, మగ విషయంలోనూ అంతే. 1976లో కాండ్రీ దంపతులు 9 నెలల పసిబిడ్డ వీడియో చూపించారు. పెట్టెలోంచి బొమ్మ చటుక్కున లేస్తే బిడ్డ ఏడుస్తుంది. మగపిల్లాడని చెబితే కోపమన్నారు, ఆడపిల్ల అని చెబితే భయమన్నారు. ఏడుపు ఒకటే. మన ఇళ్లలో ఏమంటారో నేను చెప్పక్కర్లేదు.

నేను పాఠాలు చెప్పే రోజుల్లో జవాబు పత్రాల మీద పేరు కనబడకుండా మడిచి దిద్దేవాణ్ణి. మహా నిష్పక్షపాతినని గర్వం కూడా. తీరా గుండ్రటి దస్తూరి కనబడగానే "ఎవరో అమ్మాయి, బట్టీ పట్టేసింది" అనుకునేవాణ్ణి. మడత విప్పి చూస్తే చాలాసార్లు అబ్బాయే.