చెట్టినాడు మేడల్లో బస: గది ఎంచుకునేవారికి

సభకు నమస్కారం.

తమిళనాడులో కారైకుడి చుట్టుపక్కల ఊళ్ళను చెట్టినాడు అంటారు. అక్కడ నాటుకోట్టై చెట్టియార్లనే వర్తకులు కట్టుకున్న మేడలు కొన్ని ఇప్పుడు చిన్న హోటళ్ళయ్యాయి. కానాడుకాత్తాన్‌లో విశాలం, కడియాపట్టిలో చిదంబర విలాస్, కొత్తమంగళంలో శారదా విలాస్ అలాంటివే. వీటిలో దిగి వచ్చినవాళ్ళను అడిగితే కొందరు మళ్ళీ వెళ్తామంటారు, కొందరు ‘అంత డబ్బు పోసి ఉక్కలో పడుకున్నాం’ అంటారు. చిత్రమేమంటే ఇద్దరూ ఒకే హోటల్లో దిగి ఉండవచ్చు. గదులు వేరు, నెలలు వేరు, అంతే. ఆ తేడా సిబ్బందిని బట్టి కాదు, ఇల్లు కట్టిన తీరును బట్టి వస్తుంది. కాబట్టి ముందు ఇంటి సంగతి చూద్దాం.

బర్మా, సిలోన్, మలయాల్లో వడ్డీ వ్యాపారం చేసి గడించిన డబ్బుతో 19వ శతాబ్దం నడిమి నుంచి 1940ల దాకా ఈ మేడలు లేచాయి. 1942లో జపాన్ బర్మాను ఆక్రమించుకోవడంతో ఆ రాబడికి గండి పడింది. ఇల్లు ఒక వీధిలో మొదలై వెనక వీధిలో ముగుస్తుంది. ముందు అరుగులు, తరవాత అతిథుల హాలు, దాని వెనక ‘వళవు’ అనే పెద్ద లోపలి వాకిలి (నడిమి పైకప్పు లేని చోటు), ఆ తరవాత భోజనాల చోటు, చిట్టచివర వంట కట్టు. సింహద్వారంలో నిలబడితే దొడ్డి గుమ్మం కనిపిస్తుంది. గోదావరి జిల్లాల మండువా లోగిళ్ళు ఎరిగినవాళ్ళకు ఇందులో కొత్తేమీ లేదు, సైజు తప్ప.

వళవు చుట్టూ ఉన్న చిన్న గదులు పెళ్ళయిన కొడుకులకు తలా ఒకటి చొప్పున ఇచ్చినవి. సామాన్లకు, పూజకు, రాత్రి దంపతులకు. పగలంతా మనిషి అందులో కూర్చుంటాడని ఎవరూ అనుకోలేదు. అందుకే బయటి వైపు కిటికీ చిన్నది, లేదా అసలు ఉండదు. హోటల్ వాళ్ళు సాధారణంగా రెండు గదులు కలిపి, ఒకదాన్ని స్నానాలగది చేస్తారు. ఫొటోలో వళవు స్తంభాలు చూసి ముచ్చటపడి గది పుచ్చుకుంటే వెలుతురు తక్కువ, మాటలు ఎక్కువ. వాకిట్లో కూర్చున్నవాళ్ళ కబుర్లు రెండు రెక్కల పాత తలుపు సందులోంచి తిన్నగా మంచం దగ్గరికి వస్తాయి.

పై అంతస్తు గదులు పెద్దవి, గాలి ఆడేవి. అక్కడ ఇబ్బంది కప్పుతో. చాలా మేడలకు మద్రాసు మిద్దె ఉంటుంది: టేకు దూలాల మీద సన్నటి ఇటుకలు నిలువుగా పేర్చి, పైన ఇటుక ముక్కలు కలిపిన సున్నపు కాంక్రీటు దిమ్మిస కొట్టి, ఆపైన పెంకు బిళ్ళలు పరుస్తారు. ఇంత మందం గుండా ఎండ వేడి దిగడానికి గంటలు పడుతుంది. మధ్యాహ్నం చల్లగా ఉన్న గది రాత్రి తొమ్మిదింటికి ఉడికిపోతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా వెళ్ళేవాళ్ళు కింది గది అడగండి. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా పై గది. అక్టోబరు, నవంబరు వానల్లో కూడా పై గదే మేలు, కింద చెమ్మ ఉంటుంది కనక.

చెమ్మ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఈ గోడలు ఇటుకతో, డంగు సున్నంతో కట్టినవి. నేలలోని తడి గోడలోకి ఎక్కడం సహజం, సున్నం దాన్ని బయటికి ఆరనిస్తుంది. మరమ్మతు పేరుతో దాని మీద సిమెంటు పూసినా, ప్లాస్టిక్ పెయింటు వేసినా తడికి దారి మూసుకుపోయి ఇంకా పైకి ఎక్కుతుంది. నీటితో వచ్చిన లవణాలు పెయింటు వెనక గడ్డకట్టి పెచ్చులు ఊడదీస్తాయి. గదిలోకి వెళ్ళగానే మోకాలి ఎత్తు వరకు గోడ చూడండి. తెల్లటి ఉప్పు పొడి, బుడగలు, ముక్కవాసన ఉంటే వేరే గది అడగండి. రూమ్ ఫ్రెషనర్ ఘాటు అతిగా ఉన్నా అనుమానించాల్సిందే. ఏసీని 18లో పెట్టి తలుపులు తెరిచి మూస్తుంటే వాకిలి గాలిలోని తేమ చల్లటి గోడకు తగిలి నీరవుతుంది. 25, 26లో పెట్టి ఫ్యాను వేసుకుంటే గోడకూ మంచిది, మీకూ మంచిది.

స్నానాలగదికి ఆరంగుళాలో ఎనిమిదంగుళాలో ఎత్తున మెట్టు ఉంటుంది. పాత నేల పగలగొట్టకుండా పైపులకు వాలు ఇవ్వాలంటే కొత్త నేలను ఎత్తక తప్పదు. రాత్రిపూట కాలు తగిలేది అక్కడే. చిన్న లైటు వెలిగించి పడుకోండి. పాత గడపలు ఎత్తు, కొన్ని గుమ్మాలు పొట్టి. మేడమెట్లు నిటారుగా ఉంటాయి, లిఫ్టు ఉండదనుకునే వెళ్ళాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వెళ్తే ‘గ్రౌండ్ ఫ్లోరా?’ అని మాత్రమే కాదు, వీధి నుంచి మంచం దాకా మొత్తం ఎన్ని మెట్లని అడగండి. అరుగు మెట్లు ఎవరూ లెక్కలో వేయరు.

ఫోనులో ఇంకో నాలుగు అడగాలి. కిటికీ బయటికా, వాకిట్లోకా? కరెంటు పోతే జనరేటరు ఏసీకి కూడా ఇస్తుందా, లేక లైట్లకేనా? ఆ తేదీల్లో ఇంట్లో పెళ్ళి గాని, కుటుంబ వేడుక గాని ఉందా? రాత్రి భోజనం ఎన్ని గంటలకు చెప్పాలి? మూడోది వింతగా తోచవచ్చు. ఈ మేడల్లో చాలావాటికి వారసులు అనేకమంది. హోటలుకు ఇచ్చినా పూజలకు, వేడుకలకు హక్కు ఉంచుకునే కుటుంబాలున్నాయి. తాళం వేసిన గది కనిపిస్తే తీయించమని సిబ్బందిని ఒత్తిడి పెట్టకండి, ఆ తాళంచెవి వాళ్ళ దగ్గర ఉండకపోవచ్చు.

ఇక మన వల్ల ఇంటికి జరిగే నష్టం. ఈ ఇళ్ళ నేల మీద పరిచిన ఆత్తంగుడి పలకలు (దగ్గర్లోని ఆత్తంగుడి ఊళ్ళో చేసేవి) కాల్చినవి కావు. గాజు పలక మీద అచ్చు పెట్టి రంగు కలిపిన సిమెంటు పోసి, దాని వెనక ఇసుక, సిమెంటు నింపి, నీటిలో నానబెట్టి తీస్తారు. గాజు వల్లే ఆ నునుపు. రంగు పొర కొద్ది మిల్లీమీటర్లే. నిమ్మరసం, చింతపండు పులుసు, ఆమ్లం ఉన్న క్లీనర్ పడితే సిమెంటును తినేసి మచ్చ మిగులుస్తాయి. వెంటనే మంచినీళ్ళతో తుడవండి. చక్రాల పెట్టె ఈడ్చకుండా ఎత్తి తీసుకెళ్ళండి. గుడ్డు తెల్లసొన కలిపిన సున్నం పూసి, రాయితో రుద్ది మెరిపించిన గోడలకు టేపు అంటించకండి. పీకినప్పుడు పై పొరతో సహా వస్తుంది, అతుకు వేస్తే ఆ మెరుపు కలవదు.

కారైకుడిలో పాత సామాన్ల అంగళ్ళున్నాయి. అక్కడి స్తంభాలు, ద్వారబంధాలు చాలావరకు కూల్చిన మేడలవే. చిన్న ఇత్తడి గిన్నె కొనుక్కుంటే నాకు అభ్యంతరం లేదు, కాని ద్వారబంధానికి బేరమాడేవాళ్ళను చూస్తే నచ్చదు. గుర్తుగా ఏదైనా కావాలంటే ఆత్తంగుడి వెళ్ళి కొత్త పలకలు కొనండి. ఇంటికి పరిపించుకోవాలనుకుంటే గది కొలతలు తీసుకెళ్ళండి, పగిలేవాటికి కొన్ని అదనంగా చెప్పండి. ఒక విడత రంగు మరో విడతకు అచ్చంగా కలవదు కాబట్టి అన్నీ ఒకేసారి పోయించుకోండి.

ప్రశ్నలుంటే అడగండి.